సిల్వెస్టర్ మామ కాళ్ళ కింద నీళ్ళు

శ్రీలంక పడమటి తీరాన మారవిల జంక్షన్‌లో అద్దెబండ్లు ఆగే చోట మార్సెల్ కారుకు మంచి పేరుండేది. ముప్పై ఏళ్ళు దాటిన పాత జపాను బండి అది. ఆ వయసు కార్లు చుట్టుపక్కల కొబ్బరితోటల్లో చక్రాలు ఊడి, కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి పనికొస్తున్నాయి. మార్సెల్‌ది మాత్రం ఇంకా పెళ్ళికూతుళ్ళను చర్చికి తీసుకుపోయేది. తెల్లరంగు చెదరలేదు, సీట్ల మీద రెక్సిన్ చిరగలేదు, తలుపు వేస్తే ఒక్క దెబ్బకు పడేది.

ఆ కారు ఆయన కొన్నది కాదు. సముద్రం ఒడ్డున కొబ్బరితోట ఉన్న ఒక దొరసాని దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా డ్రైవరు పని చేశాడు. ఆమె తోట అమ్మేసి కొలంబోలో ఉన్న కూతురి దగ్గరకు వెళ్ళిపోతూ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "దీన్ని నీ అంత బాగా ఇంకెవరూ చూసుకోరు మార్సెల్" అంది. ఎవరికైనా బతుకులో ఒకటో రెండో మెప్పులు దక్కుతాయి. మార్సెల్‌కు దక్కింది అదొక్కటే. తండ్రి సముద్రంలో పోయాక బడి మానేసి, తల్లి పక్కన నిలబడి పీచుమిల్లులో పీచు దులిపినవాడు. పెళ్ళయినా పిల్లలు కలగలేదు. అందుకే ఆ మాటను కనబడినవాళ్ళకల్లా చెప్పేవాడు. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పేవాడు. భార్య ఎమెల్డా పక్కనుంటే అది ఎక్కడ మొదలుపెడతాడో ముందే పసిగట్టి లోపలికి వెళ్ళిపోయేది.

దేశంలో పెట్రోలు దొరకని ఏడాది వచ్చింది. బంకుల ముందు జనం కార్లలోనే పడుకుని పడిగాపులు పడ్డారు. మార్సెల్ ఆ యాతన కొన్నాళ్ళు పడి, ఇక తన వల్ల కాదని కారును పెరట్లో బాదంచెట్టు కింద పెట్టి గుడ్డ కప్పేశాడు. రోజూ తుడిచేవాడు, అప్పుడప్పుడు ఇంజను తిప్పేవాడు, కానీ వారాల తరబడి బండి కదల్లేదు. మళ్ళీ పెట్రోలు కొద్దికొద్దిగా ఇవ్వడం మొదలయ్యాక రోడ్డెక్కాడు. చుక్క చుక్క చూసి వాడుకోవాలి కాబట్టి అద్దాలు దించుకుని తిరిగేవాడు. ఏసీ వేసేది ఇద్దరికే: వెనకసీట్లో కూర్చునే పెళ్ళికూతుళ్ళకు, ముందుసీట్లో కూర్చునే సిల్వెస్టర్ మామకు.

సిల్వెస్టర్ తిసేరా దర్జీ. ఆ ఊళ్ళో నడివయసు దాటిన మగవాళ్ళ పెళ్ళికోట్లన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. మార్సెల్ కోటు కూడా ఆయనే కుట్టాడు. కుట్టుకూలి తీసుకోకుండా, కొడుకును పిలిచినట్టు పిలిచి, "మీ నాన్న ఉంటే నేను నీ దగ్గర తీసుకునేవాడిని పుతా, ఆయన లేడుగా" అన్నాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. భార్య పోయింది. కూతురు ప్రియంతి పోస్టాఫీసులో పని చేస్తూ తండ్రిని చూసుకునేది. మోకాళ్ళు వంగవు కాబట్టి ఆయన కారులో వెనకకు ఎక్కలేడు. ఊపిరితిత్తులకు దుమ్ము పడదు కాబట్టి అద్దాలు ఎత్తి ఏసీ వేయాల్సిందే. నెలకోసారి చిలావు ఆసుపత్రిలో క్లినిక్‌కు తీసుకువెళ్ళి తీసుకొచ్చేది మార్సెలే. ఆదివారాలు తనూ ఎమెల్డా చర్చికి పోతూ దారిలో ఆయన్ని కూడా ఎక్కించుకునేవారు. లుంగీలా చుట్టుకునే, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల సారోంగు, పూర్తి చేతుల చొక్కా, జేబులో మడత పెట్టిన రుమాలు, ఇవి లేకుండా సిల్వెస్టర్ మామ గడప దాటిన రోజు లేదు.

ఒక క్లినిక్ రోజు మధ్యాహ్నం ఆయన్ని ఇంటి దగ్గర దింపి స్టాండుకు వచ్చాక మార్సెల్ అలవాటుగా లోపలంతా ఒకసారి చూసుకున్నాడు. ముందుసీటు దగ్గర కాళ్ళ కింద వేసే చాప తడిసి ఉంది. కాలితో నొక్కితే నీళ్ళు ఊరాయి. మామ దిగేటప్పుడు సారోంగు అంచు తడిగా కాళ్ళకు అంటుకుని ఉండడం గుర్తొచ్చింది. సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు, పొడిగానే ఉంది. రెక్సిన్ కదా, జారిపోయి ఉంటుందని సమాధానం చెప్పుకున్నాడు. పెద్దవాడు, దారిలో ఆపమని అడగడానికి మొహమాటపడి ఉంటాడు. జాలేసింది. గుడ్డతో తుడిచి, చాప ఎండలో వేసి, ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి నెల కూడా అలాగే అయింది. ఈసారి వాసన కూడా తోడైంది. తడి ఆరని మూలల్లో వచ్చే ముక్కవాసన అది, కానీ మనసులో ఒకటి అనుకున్నాక ముక్కు కూడా దాన్నే పట్టుకుంటుంది. ఆ వారంలో ఒక పెళ్ళి ఉంది. మార్సెల్ అగరొత్తులు వెలిగించి, తలుపులన్నీ తీసి పెట్టి, చివరికి సాయంత్రం ప్రియంతి పోస్టాఫీసు నుంచి వచ్చే వేళకు వాళ్ళ గేటు దగ్గర నిలబడ్డాడు. గొంతు తగ్గించి, ఎంతో మర్యాదగా సంగతి చెప్పాడు. వయసు మీద పడితే ఎవరికైనా తప్పదన్నాడు. ప్రియంతి మొహం కందిపోయింది. ఇంట్లో అలాంటిది ఎప్పుడూ లేదే అంది. తర్వాత, తను పగలంతా ఇంట్లో ఉండదు కదా, తనకెలా తెలుస్తుంది అంది. క్షమించమని అడిగి, చాప ఉతికిస్తానంది. మార్సెల్ వద్దన్నాడు. ఇంటికి వెళుతూ తను చాలా నాజూకుగా మాట్లాడానని తృప్తి పడ్డాడు కూడా.

ఆ తర్వాతి క్లినిక్‌కు ముందుసీటు మీద ప్లాస్టిక్ షీటు పరిచాడు. భోజనాల బల్ల మీద వేసే పువ్వుల షీటు అది. సిల్వెస్టర్ మామ తలుపు పట్టుకుని దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. ఏమిటిదని అడిగాడు. కొత్తగా వేశాను మామా, సీటు పాడవకుండా, అన్నాడు మార్సెల్, స్టీరింగు వైపు చూస్తూ. మామ ఇంకేమీ అడగకుండా ఎక్కాడు. కదిలితే షీటు చప్పుడయ్యేది. చిలావు దాకా ఆయన కదల్లేదు. ఎప్పుడూ దారి పొడవునా ఏ కోటు ఎవరికి కుట్టాడో, ఏ పెళ్ళికొడుకు భుజం ఎత్తుపల్లాలు ఎలా దాచాడో చెబుతూ వచ్చే మనిషి, ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు.

ఆ రోజు కూడా కింద తడిసింది. షీటు మీద చుక్క లేదు. మార్సెల్ వంగి చాప తుడుస్తుంటే చేతికి నీళ్ళు చల్లగా తగిలాయి. బావి దగ్గర తొట్టిలో చెయ్యి పెట్టినంత చల్లగా. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఇది మనిషి నుంచి వచ్చిన తడి ఎలా అవుతుందన్న ఆలోచన అంచుదాకా వచ్చింది. అలా అయితే తడి కారుది అవ్వాలి. కారులో తప్పు ఉండడానికి లేదు. ఆలోచన అక్కడే ఆగిపోయింది. తర్వాతి రోజుల్లో మార్సెల్ ఎక్కువగా తలుచుకుని కుమిలింది ఈ క్షణాన్నే. తనకు తెలియక కాదు. చేతికి తెలిసింది. తనే వద్దన్నాడు.

మర్నాడు స్టాండులో కారు నాలుగు తలుపులూ తెరిచి, చాపలు బానెట్ మీద ఆరబెట్టి కూర్చున్నాడు. పక్కన వ్యాను పెట్టుకునే కింగ్‌స్లీ వచ్చాడు. మనసు మంచిదైనా నోరు ఊరుకోని మనిషి.

"ఏంటన్నా, నీ కారు కింద చుక్క పడదంటావు, లోపల చెరువైందే?"

ఆ మాట మార్సెల్‌కు సూదిలా దిగింది. నిజమే, తక్కిన బండ్లు ఆగిన చోట ఏసీ నీళ్ళు బొట్లుబొట్లుగా కారి మడుగు కడతాయి. తన కారు కింద నేల పొడిగా ఉంటుందని చాలా రోజులుగా అందరికీ చూపించుకుంటున్నాడు. కారు మీద మాట పడనివ్వకూడదన్న తొందరలో ఇది కారు తప్పు కాదని, సిల్వెస్టర్ మామ సంగతి చెప్పేశాడు. వయసు అని కూడా కలిపాడు. కింగ్‌స్లీ చెంపమీద వేలు పెట్టుకుని ఆలోచించినట్టు నటించాడు.

"అయితే మామ కుళాయికి వాషరు అరిగిపోయిందన్నమాట."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. మార్సెల్ కూడా నవ్వాడు. పెద్దగా కాదు, కానీ నవ్వాడు.

మాట స్టాండులో ఆగలేదు. టీ కొట్టుకు పోయింది, చేపల బజారుకు పోయింది. వారం తిరక్కుండానే సిల్వెస్టర్ తిసేరా కాస్తా కుళాయి మామ అయ్యాడు. ఎమెల్డా చేపలు కొనడానికి వెళ్ళి అక్కడ విని, సంచీ బల్లమీద పెట్టి మొగుణ్ణి నిలదీసింది. నీ పెళ్ళికోటు కుట్టినాయన గురించి బజార్లో ఇలా చెప్పుకోవడానికి నీకు నోరెలా వచ్చిందంది. నేను అబద్ధం చెప్పానా, అన్నాడు మార్సెల్. అబద్ధమో నిజమో నేను అడగలేదు, అంది ఆమె. రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి.

తర్వాతి ఆదివారం గేటు దగ్గర హారన్ కొడితే ప్రియంతి ఒక్కతే బయటికి వచ్చింది. నాన్నకు మోకాళ్ళ నొప్పి, రానంటున్నాడు అంది. ఆ పై ఆదివారం కూడా అదే. క్లినిక్‌కు ఆమె ఒక్కతే బస్సులో వెళ్ళి మందులు తెచ్చింది. చర్చి వరండాలో ఆయన ఈడు ముసలివాళ్ళు కొంతకాలం బెంచీ మీద ఆయన చోటు ఖాళీగా ఉంచి, తర్వాత సర్దుకుని కూర్చున్నారు. కొన్నాళ్ళకు సిల్వెస్టర్ మామ వంటింటి మెట్టు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాడని, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారని తెలిసింది. మార్సెల్ అయ్యో అన్నాడు. చూడటానికి వెళ్ళాలనుకున్నాడు. ఎందుకో కాళ్ళు రాలేదు. కిరాయిలున్నాయని తనకు తనే చెప్పుకున్నాడు.

ఎమెల్డా చెల్లెలు కురునేగలలో ఉంటుంది. ఆమె కూతురు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండగకు మొగుడూ పెళ్ళాలిద్దరూ బయల్దేరారు. నిప్పులు చెరిగే ఎండ. ఎమెల్డా నీలం పట్టుచీర కట్టుకుని ముందుసీట్లో కూర్చుంది. మామూలుగా కిరాయి లేనప్పుడు మార్సెల్ ఏసీ వేయడు, కానీ ఆ మధ్య ఇంట్లో మాటలు పొడిపొడిగా ఉన్నాయి కాబట్టి ఆమెను సంతోషపెడదామని వేశాడు. గంట దాకా హాయిగానే సాగింది. ఆమె కూడా నాలుగు మాటలు మాట్లాడింది. ఊరు దగ్గర పడుతుండగా రోడ్డు కుడికి గట్టిగా తిరిగింది. డాష్‌బోర్డు వెనక బిందె తొణికిన చప్పుడైంది. ఆ వెంటనే ఎమెల్డా కాళ్ళ మీద నీళ్ళు దబుక్కున పడ్డాయి.

ఎమెల్డా కాళ్ళు పైకెత్తుకుంది. మార్సెల్ బండి రోడ్డు పక్కకు లాగి ఆపాడు. లేతకొబ్బరిబొండాలు అమ్మేవాడు బేరం తగిలిందనుకుని కత్తి పట్టుకుని లేచి, వీళ్ళ మొహాలు చూసి మళ్ళీ కూర్చున్నాడు. చీర కుచ్చిళ్ళు మోకాలి కింద దాకా తడిసి నల్లగా మారాయి. ఆమె అరవలేదు. కుచ్చిళ్ళు పిండుకుంటూ, మొగుడి వైపు చూడకుండా అడిగింది.

"మరి నేను కూడా పోశానా?"

మార్సెల్ వంగి నీళ్ళలో వేళ్ళు పెట్టాడు. చల్లగా ఉన్నాయి. ఆ చలవ ఆయన చేతికి కొత్త కాదు.

అక్కడి నుంచి ఏసీ ఆపేసి, అద్దాలు దించి వెళ్ళారు. పండగ బాగా జరిగింది. తెల్ల గౌనులో పిల్ల మురిసిపోతూ తిరిగింది. పాలన్నం, మసాలా వేసి వండిన కోడి, సేమ్యా పాయసం అన్నీ ఉన్నాయి. మార్సెల్ పళ్ళెం ముందు కూర్చుని అన్నం అటూ ఇటూ కలుపుతూ ఉండిపోయాడు. తోడల్లుడు ఒంట్లో బాగాలేదా అని అడిగితే ఎండ అన్నాడు. పువ్వుల షీటు మీద కదలకుండా కూర్చున్న మనిషి కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఎదురుగా పెద్దవాళ్ళు ఎవరు నవ్వినా తనను చూసి నవ్వుతున్నట్టు ఉలికిపడ్డాడు.

మర్నాడు పొద్దున్నే కారును ఇటుకల మీదికి ఎక్కించి, గోనెసంచి పరిచి దాని కిందికి దూరాడు. ఏసీ చల్లబరిచే కాయిల్ డాష్‌బోర్డు అర వెనక పెట్టెలో ఉంటుంది. దాని మీద చేరిన చెమ్మ అడుగున పళ్ళెంలోకి దిగి, అక్కడి నుంచి ఒక రబ్బరు గొట్టం ద్వారా బండి కిందికి, రోడ్డు మీదికి కారిపోవాలి. ఆ గొట్టం చివర కోసం ఇంజను వెనక చెయ్యి పెట్టి తడిమాడు. దొరికింది. దాని మూతికి ఎవరో సిమెంటు పెట్టి మూసినట్టుంది. కందిరీగ కట్టిన మట్టిగూడు. బండి బాదంచెట్టు కింద కదలకుండా పడి ఉన్న రోజుల్లో కట్టుకుని ఉంటుంది. పెళ్ళికూతుళ్ళు వెనక కూర్చునేవారు, ఊళ్ళో కిరాయిలకు ఏసీ ఉండేది కాదు. పళ్ళెం నిండి పొంగేదల్లా ముందుసీట్లో ఎడమపక్కన కూర్చునే ఒక్క మనిషి కాళ్ళ మీదికే. ఇంత సులువైన సంగతి. రోడ్డు మీద చుక్క లేకపోతే ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని ఒక్కసారి తనను తాను అడిగి ఉంటే సరిపోయేది.

మట్టిని వేళ్ళతో నలిపి రాల్చాడు. లోపల ఇంకా గట్టిగా ఉంటే మెత్తటి తీగ ఒకటి మెల్లగా పోనిచ్చి తిప్పాడు. గొంతు సవరించుకున్నట్టు చప్పుడై, కుళ్ళిన ఆకుల నలుపుతో నీళ్ళు ధారగా ఆయన మొహం మీద, మెడ మీద, చొక్కా లోపలికి పడ్డాయి. తప్పుకునే చోటు ఉంది. తప్పుకోలేదు. ధార ఆగి బొట్లయ్యేదాకా కళ్ళు మూసుకుని అక్కడే పడుకున్నాడు. బట్టలన్నీ తడిసి బయటికి వచ్చేసరికి పక్కింటి ముసలామె కంచె అవతల నుంచి చూసి నవ్వి, ఏంటి మార్సెల్, కారులోనే స్నానమా అంది. ఆమె మాటలో వేరే అర్థమేమీ లేదు. అయినా ఆయన చెవులు వేడెక్కాయి.

మిగతా పని రోజంతా పట్టింది. డాష్‌బోర్డు అర ఊడదీసి పళ్ళెంలో పేరుకున్న ఆకుపొడి, బురద కడిగాడు. పాత గొట్టం ఎండి చీలి ఉంటే కొత్తది వేసి, మూతి కిందికి వాలేలా బిగించి, పురుగు దూరకుండా సన్నని జాలీ చుట్టాడు. చెంబుతో పళ్ళెంలో నీళ్ళు పోసి చూశాడు; పోసినవి పోసినట్టే కిందికి వచ్చాయి. సీట్లు విప్పి, కింద కార్పెట్ లాగితే దాని అడుగు పొర నీళ్ళు పీల్చుకుని పిండిముద్దలా ఉంది. ఆ ముక్కవాసన దానిదే. అది ఎండలో వేసి, ఇనప నేల తుడిచాడు. అక్కడక్కడ తుప్పు కూడా పట్టింది. కారును ఇంత బాగా ఎవరూ చూసుకోరన్న మనిషి దాని పొట్టలో ఇంత కుళ్ళు పెట్టుకుని తిరిగాడు. పువ్వుల షీటు మడిచి పొయ్యి దగ్గర పడేశాడు. తర్వాత దాన్ని కాల్చలేదు కూడా, ఎమెల్డా తీసి కట్టెలమీద వానకు కప్పింది.

పని అయిపోయినా ఆయన ఇంకా కారు చుట్టూ తిరుగుతూ తుడిచిందే తుడుస్తున్నాడు. ఎమెల్డా గడప మీద నిలబడి, తుడవాల్సింది అక్కడ కాదని అంది. మార్సెల్ స్నానం చేసి చొక్కా మార్చుకుని వెళ్ళాడు.

సిల్వెస్టర్ మామ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి కొద్దిరోజులే అయింది. గేటు తీసింది ప్రియంతి. మార్సెల్ అక్కడే నిలబడి అంతా చెప్పాడు. మట్టిగూడు, గొట్టం, ఎమెల్డా చీర, ఏదీ దాచలేదు. ఆమె వింటూ వింటూ గేటు ఊచ పట్టుకుంది. మొహంలో కోపం కనబడితే ఆయనకు నయంగా ఉండేది. ఊచ వదలకుండానే అడిగింది.

"ఆయన ఎందుకు పడిపోయాడో తెలుసా అన్నా? నీళ్ళు తాగడం మానేశాడు. డాక్టరు అడిగితే చెప్పాడు. మొదట క్లినిక్ రోజుల్లో మానేశాడట, తర్వాత ఏ రోజూ సరిగా తాగలేదట. ఎక్కడ ఎవరింట్లో ఏమవుతుందోనని."

మార్సెల్ ఏదో అనబోయాడు.

"నువ్వు వచ్చి చెప్పావు, సరే. నేను నమ్మానుగా. బయటికి పోయేముందు ఆయన చేతిలో టీకప్పు నేనే లాక్కునేదాన్ని. కన్నకూతుర్ని. ఒక్కసారి కూడా, నిజమేనా నాన్నా, అని అడగలేదు. నేను ఎవరి గేటు దగ్గరకు పోయి చెప్పుకోను?"

ఆమె పక్కకు తప్పుకుంది. మార్సెల్ లోపలికి నడిచాడు.

వెనక వరండాలో కుట్టుమిషను పక్కన పడక్కుర్చీలో సిల్వెస్టర్ మామ కూర్చుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. చొక్కా మాత్రం ఇస్త్రీదే. స్టూలు మీద గ్లాసు, దాని మీద సాసరు మూత. కూర్చోమన్నాడు. మార్సెల్ నిలబడే చెప్పాడు. రుజువు చూపిస్తే నమ్ముతాడనిపించి రాలిన మట్టిగూడు ముక్క ఒకటి కాగితంలో చుట్టి తెచ్చాడు. అది తీసి ఇస్తుంటే చంటిపిల్లాడి పనిలా తోచింది, కానీ అప్పటికే చెయ్యి చాచాడు. మామ దాన్ని బొత్తాం చూసినట్టు వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. ఇంతేనా, అన్నాడు. ఇంతే మామా, అన్నాడు మార్సెల్.

ముసలాయన ఆ ముక్కను స్టూలు మీద గ్లాసు పక్కన పెట్టాడు.

"చల్లగా తగిలింది పుతా. నాకు తెలిసింది చల్లగా ఉందని. కానీ నువ్వు షీటు పరిచావు, అమ్మాయి టీకప్పు లాక్కుంది. ముసలాడినయ్యాను, ఒంట్లో వేడి అయిపోయింది, ఇక చల్లగానే వస్తుందేమో అనుకున్నాను."

మార్సెల్ నేల మీద కూర్చుండిపోయాడు. బజార్లో మాట పుట్టింది కూడా తన వల్లేనని, స్టాండులో చెప్పింది తనేనని అన్నాడు. దాచింది ఏదీ మిగలకూడదన్న ఆత్రంలో, వాళ్ళు నవ్వితే నేనూ నవ్వాను మామా, అని కూడా అనేశాడు.

మామ అప్పుడు ఆయన వైపు తిరిగాడు.

"నవ్వావా? అది నాకు చెప్పకపోతే బాగుండేది."

ఆయన క్షమించానని గానీ, వెళ్ళమని గానీ అనలేదు. సాసరు తీసి గ్లాసులో నీళ్ళు కొంచెం తాగి, మళ్ళీ మూత పెట్టాడు. మార్సెల్ లేచి వచ్చేశాడు.

స్టాండులో చెప్పడం ఇంతకన్నా సులువనుకున్నాడు. అందరూ ఉన్న వేళ చూసి, కింగ్‌స్లీని పిలిచి, తప్పు మామది కాదు, నా కారుది, నాది, అని చెప్పాడు. కింగ్‌స్లీ యథాప్రకారం, అయితే కుళాయి నీదే అన్నమాట అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి కుళాయి మార్సెల్ అయ్యాడు. ఆ పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు. కింగ్‌స్లీ మాత్రం సాయంత్రం ఒంటరిగా వచ్చి, ముసలాయన నీళ్ళు మానేసిన సంగతి నిజమేనా అని అడిగి, నిజమని విని, మళ్ళీ ఆ హాస్యం జోలికి పోలేదు.

మార్సెల్ టీ కొట్టుకు వెళ్ళాడు, మంగలి దుకాణానికి వెళ్ళాడు, చేపల బజార్లో గంపల మధ్య నిలబడి చెప్పాడు. ఆదివారం పూజ అయ్యాక చర్చి వరండాలో బెంచీ మీద కూర్చున్న ముసలివాళ్ళకు ఒక్కొక్కరికీ చెప్పాడు. కొందరు విని తలూపారు. కొందరు ఎప్పుడో అయిపోయిన గొడవ ఇప్పుడెందుకు తవ్వుతున్నావన్నారు. ఇంకొందరికి అసలు మొదటి సంగతే తెలియదు. సిల్వెస్టర్ మామ గురించి అలాంటి మాట ఒకటి పుట్టిందని ఈయన సంజాయిషీ వల్లే తెలిసింది. వాళ్ళ కళ్ళలో అది చూసినప్పుడు మార్సెల్‌కు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మొదటి మాట ఒక్కసారి చెబితే ఊరంతా తిరిగింది. రెండో మాటను ఆయనే మోసుకుని ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది, అయినా అన్ని ఇళ్ళకూ చేరలేదు. బడి పిల్లలు కొందరు చాలా కాలం దాకా సిల్వెస్టర్ మామ ఇంటి గోడ పక్కన పాత పేరే అరిచి పరిగెత్తేవారు.

వానలు మొదలయ్యాక ఒక రోజు ప్రియంతి స్టాండుకు ఫోను చేసింది. నాన్న క్లినిక్‌కు వెళతానంటున్నాడు, ఆటోలో దుమ్ముకు దగ్గు ఆగడం లేదు, నీ కారు తీసుకురమ్మన్నాడు అంది. మార్సెల్ వెళ్ళాడు. మామ కర్ర ఆనుకుని వచ్చి, తలుపు తెరిచి, ముందుసీటు మీద అరచెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా రాసి చూశాడు. తర్వాత ఎక్కాడు. ప్రియంతి వెనక కూర్చుంది. సీసాలో నీళ్ళు తెచ్చుకుంది కానీ ఆయన వెళ్ళేటప్పుడు ముట్టలేదు, తిరిగి వచ్చేటప్పుడు ఇల్లు దగ్గర పడ్డాక రెండు గుక్కలు తాగాడు. దారిలో ఒక పాత కోటు గురించి మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. మార్సెల్ రెట్టించి అడగలేదు.

ఇంటి ముందు ఏసీ నీళ్ళు బండి కింద బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. మామ దిగాడు. నిలదొక్కుకున్నాక చెయ్యి వెనక్కి పోనిచ్చి, ఎవరూ చూడనంత మెల్లగా, సారోంగు వెనక తడిమి చూసుకున్నాడు. పొడిగా ఉంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి క్లినిక్ రోజూ ఆయన అలాగే చేశాడు: ఎక్కేముందు సీటు, దిగాక సారోంగు. తడి లేదని ఆయనకూ తెలుసు, మార్సెల్‌కూ తెలుసు. చెయ్యి మాత్రం ఆగదు. ఆయన తడుముకుంటున్నంతసేపూ మార్సెల్ తలుపు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడతాడు.